పత్తి కాలం, పదో తరగతి, మా బడి ప్రణాళిక: నా అనుభవం

దేవరకొండ వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా వచ్చిన ఏడాది నవంబరులోనే, రాబోయే మూడేళ్లకు పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేయవలసిన పని నా మీద పడింది. 2009 విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం దీన్ని తయారుచేయవలసింది పాఠశాల యాజమాన్య కమిటీ. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తం మీద సగం మంది స్త్రీలు ఉండాలి. చట్టం ఎనిమిదో తరగతి వరకే వర్తించినా, తొమ్మిది, పది తరగతులకూ అదే పద్ధతి పాటించాలని నిశ్చయించుకున్నాం. బీరువాలో దొరికిన పాత ప్రణాళికలో ప్రహరీ గోడ, బోరు, మరుగుదొడ్లు ఉన్నాయి గానీ, ఫలితాల గడిలో 'నూరు శాతం ఉత్తీర్ణత' అన్న మాట తప్ప అది ఎలా సాధించాలో ఎక్కడా లేదు.

ఆ గడిని పక్కన పెట్టి హాజరు పట్టికలు ముందేసుకున్నాను. గణితం స్కూల్ అసిస్టెంటూ నేనూ కూర్చుని, మూడేళ్ల గైర్హాజరును నెలలవారీగా ఒక తెల్ల కాగితం మీద గీతలుగా ఎక్కించాం. సెప్టెంబరు దాకా అక్కడక్కడా ఉన్న గీతలు దసరా సెలవుల తర్వాత ఒక్కసారిగా దట్టమై, సంక్రాంతి దాటాక గానీ పలచబడలేదు. కారణం బడి కిటికీలోంచే కనిపిస్తోంది, చుట్టూ పత్తి చేలు. ఆ వారంలోనే నాలుగు రోజులు రాని ఒక పదో తరగతి అమ్మాయి వచ్చి, ఏడాది మధ్యలో బడిలోనే పెట్టే ఫార్మేటివ్ పరీక్షకు కూర్చుంది. ఎండిన పత్తి కాయల మొనలు గీరుకుని వేళ్ల కొసలు చీరుకుపోవడంతో, బొటనవేలు ఆనకుండా పెన్నును రెండు వేళ్ల సందున ఇరికించి రాస్తోంది. పబ్లిక్ పరీక్షకు 80 మార్కులు పోగా మిగిలిన 20 ఈ ఫార్మేటివ్‌ల నుంచే రావాలి కాబట్టి, పత్తి చేను ఆ పిల్లకు రెండు వైపులా నష్టం చేస్తోందని అప్పుడు నాకు అర్థమైంది.

పగలు కూలికి పోయే తల్లులు బడికి రాలేరు కనుక కమిటీ సమావేశాన్ని తండాలోనే రాత్రి ఏడింటికి పెట్టాం. పిల్లలను పంపమని అడిగితే ఒక తల్లి, "పంపొద్దని మాకుందా సారూ? వానొస్తే పత్తి తడుస్తది, కూలోళ్లు దొరకరు. మీ సాయంత్రం క్లాసు అయిపోయేసరికి బస్సు ఎల్లిపోతది, ఆడపిల్ల చీకట్ల ఎట్లొస్తది?" అంది. ప్రత్యేక తరగతులకు తండా ఆడపిల్లలు ఎందుకు ఆగడం లేదని నేను రెండు నెలలుగా టీచర్లను అడుగుతున్నాను. జవాబు బస్సు వేళల్లో ఉంది. ప్రణాళికలో నాకు అన్నిటికంటే విలువైన వాక్యం ఆమె చెప్పిందే.

అలా మూడు మార్పులు రాశాం. గణితం, భౌతికశాస్త్రాల్లో కఠినమైన అధ్యాయాలు దసరాలోపే పూర్తిచేయాలి. సాయంత్రం తరగతి చివరి బస్సుకు అరగంట ముందే ముగియాలి. పత్తి కాలంలో తప్పిపోయిన ఫార్మేటివ్‌ను పిల్లలు తిరిగొచ్చిన వారంలోనే రాయించాలి. మా బడిలో పిల్లలు 101 నుంచి 250 లోపు ఉన్నందున సమగ్ర శిక్ష పథకం కింద బడి ఖర్చులకు ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు 50,000 రూపాయలు, అందులో పది శాతం పారిశుధ్యానికే పోవాలి. మిగతా దాంట్లోంచి అభ్యాస పత్రాల జిరాక్సులకు కొంత తీశాం.

ప్రణాళిక పై నుంచి తిరిగి వచ్చింది. ఉత్తీర్ణత లక్ష్యం నూరు శాతమని రాయలేదట. నేను ఆ అంకె వేసి, దాని కింద నవంబరు హాజరును కూడా లక్ష్యంగా చేర్చి, కమిటీ సంతకాలతో మళ్లీ పంపాను. ఉత్తీర్ణత పబ్లిక్ పరీక్షలు అయిపోయాక తెలిసే సంగతి, అప్పటికి చేయగలిగేదేమీ మిగలదు. హాజరు మాత్రం ఏ రోజుకారోజు కనిపిస్తుంది, సరిచేయడానికి వీలుంటుంది.

మరుసటి ఏడాది అదే కాగితం కింద కొత్త గీతలు గీశాం. నవంబరు గడి ఖాళీ కాలేదు గానీ, తండా ఆడపిల్లల పేర్ల ఎదుట గీతలు సగానికి తగ్గాయి. ఇద్దరు మగపిల్లలు మాత్రం జనవరి దాకా చేలోనే ఉన్నారు. ఈ డిసెంబరు సమావేశం వాళ్ల ఇంటి ముందరే పెట్టాలని కమిటీ తీర్మానించింది.