వంకర ముక్కు పిల్లకు వేరే గిన్నె

తల్లికోడి ఈరోజు నుంచి పిల్లలను దగ్గరికి రానివ్వడం లేదు. పొద్దున గంప ఎత్తగానే రెండింటిని పొడిచి తరిమేసింది. పిల్లలకు ఈకలు వచ్చి సొంతంగా గీరుకుని తినే వయసు వస్తే తల్లి మళ్లీ గుడ్లు పెట్టడానికి మళ్లుతుంది, అది మామూలే. మిగతావాటి గురించి నాకు దిగులు లేదు. అవి అప్పుడే పేడదిబ్బ ఎక్కేశాయి. నా టెన్షన్ అంతా వంకర ముక్కు దాని గురించే. ఇన్నాళ్లూ తల్లి ఏ పురుగు దొరికినా కొక్కొక్కుమని పిలిచి దాని ముందర వేసేది, అందకపోతే నలిపి మళ్లీ వేసేది. ఇక ఆ పని మేమే చెయ్యాలి.

గుడ్డులోంచి వచ్చినప్పుడు ముక్కు బాగానే ఉండింది. రెండో వారంలో పై ముక్కు కొంచెం ఎడమకు తిరిగినట్టు అనిపించింది. మాయమ్మకు చూపిస్తే "పెరిగితే సర్దుకుంటుందిలే" అనింది. సర్దుకోలేదు. ఇప్పుడు పై ముక్కు ఎడమకు, కింది ముక్కు కుడికి పోయి, తెరిచిన కత్తెర మాదిరి ఉంది. ఎడమ కన్ను కూడా కుడి కన్ను కంటే కాస్త చిన్నది. పశువుల ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరు గారు నోరు తెరిచి చూసి, లోపల ఎముకే అట్లా పెరుగుతోంది, మందులతో తిన్నగా కాదు, తిండి తినగలిగితే మాత్రం బతికిపోతుంది అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకునే ఉన్నాను.

మామూలు కోడి నేల మీద జొన్న గింజను ముక్కు కొనలతో పట్టి ఎత్తుకుంటుంది. దీనికి ఆ కొనలు కలవవు. గింజను చూస్తుంది, గురి తప్పకుండా పొడుస్తుంది, గింజ మాత్రం పక్కకు జారిపోతుంది. అంతలో ఇంకో పిల్ల వచ్చి దాన్ని ఎత్తుకుపోతుంది. అందుకే దీనికి చాటలో, తట్టలో వేస్తే లాభం లేదు. లోతు గిన్నె కావాలి. స్టీలు గిన్నెను రెండు ఇటుకల మధ్య కదలకుండా ఇరికించి, అంచు దాని రొమ్ము ఎత్తుకు వచ్చేటట్టు పెట్టాను. మేత లోతుగా ఉంటే పొడిచే పని లేదు, కింది ముక్కుతో తోడుకుంటుంది. నీళ్లూ అంతే. పళ్లెంలో పోస్తే కొన తడవడమే గానీ గొంతులోకి పోవు. గ్లాసులో నిండుగా పోస్తే ముక్కు ముంచి, తల పైకెత్తి మింగుతుంది. ఈ ఎండల్లో నీళ్లే ముఖ్యం. కోళ్లకు చెమట పట్టదు, ఒళ్లు చల్లబడడానికి నోరు తెరిచి రొప్పడమే వాటికి పెద్ద ఉపాయం. దీని నోరు ఎప్పుడూ కొంచెం తెరిచే ఉంటుంది కాబట్టి నాలుక తొందరగా ఎండుతుంది. మధ్యాహ్నం గంప మీద తడి గోనెపట్టా కప్పుతున్నాం.

మేత సంగతి ఇంకాస్త చెప్పాలి. కోడిపిల్లల దాణాను పొడిగా వేస్తే సగం కింద పోతుంది. రాత్రి మిగిలిన రాగి సంగటిని నీళ్లు చిలకరించి వేళ్లతో బాగా మెదిపి, దాణా పొడి అందులో కలుపుతాను. ముద్ద గట్టిగా ఉంటే ముక్కుకు అంటుకుని ఎండిపోతుంది, పల్చగా ఉంటే కారిపోతుంది. రెండింటి మధ్యలో ఎక్కడ ఆపాలో ఇప్పుడు చేతికే తెలుస్తోంది. ప్రొద్దుటూరు ఎండకు తడి మేత కాసేపటికే పులిసిపోతుంది. అందుకని కొంచెం కొంచెంగా కలిపి, మిగిలితే పారేసి, గిన్నె కడిగి పెట్టాలి. తిన్నాక తడిగుడ్డతో ముక్కు తుడవాలి. తిన్నంతసేపూ మిగతా కోళ్లు రాకుండా ఎవరో ఒకరు దగ్గర కూర్చోవాలి, ఎందుకంటే ఇది తినడం నిదానం.

ఈరోజు ముక్కు కత్తిరించే పని కూడా పెట్టుకున్నాం. మా పెరట్లో పరిచినవి పాలిష్ పట్టని నాపబండలు. కోళ్లు తిన్నాక ముక్కును అటూ ఇటూ బండకు రాసుకుంటాయి, అట్లా కొన అరుగుతుంది. దీనికి ముక్కు పక్క మాత్రమే తగులుతుంది, కొన తగలదు. అందుకే అది పెరుగుతూనే ఉంటుంది. సెలవులకు వచ్చిన మా అక్క కొడుకు దాన్ని తువ్వాలలో చుట్టి, తల మాత్రం బయటికి పెట్టి పట్టుకున్నాడు. వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే ముక్కు లోపల ఎర్రటి ఛాయ ఎక్కడిదాకా వచ్చిందో కనిపిస్తుంది. అక్కడిదాకా రక్తం ఉన్నట్టు. దాని అవతల కొన తేనెరంగులో, అద్దం మాదిరి తేటగా ఉంటుంది. ఆ తేట భాగంలోనే, గోరుకత్తెరతో, బియ్యపు గింజలో సగమంత తీశాను. తర్వాత గోళ్లు రాసుకునే ఫైలుతో అంచు నున్నగా చేశాను. పసుపు పక్కనే పెట్టుకున్నాను గానీ అవసరం రాలేదు. వాడు ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. "పిన్నీ, దానికి నొప్పి లేదు, కన్ను మూయలేదు చూడు" అన్నాడు.

ఈకలు దువ్వుకోవడం కూడా దీనికి రాదు. తోక మొదట్లో ఉండే నూనె తిత్తిని ముక్కుతో నొక్కి ఆ నూనెను ఈకలకు పూసుకోవాలి, అది ఈ ముక్కుతో అయ్యే పని కాదు. రెక్కల కింద పేలు పడతాయేమోనని ఈకలు విడదీసి చూశాను. లేవు. పొర్లడానికి పొయ్యి బూడిద, ఎర్రమట్టి కలిపి ఒక మూలన పోశాను.

పక్కింటి పెద్దమ్మ గోడ మీద నుంచి చూసి, "ఏంటికి మ్మే దాంతో ఇన్ని తంటాలు? అది బతికేది కాదు. బతికినా పిరికెడు కూర రాదు" అనింది. ఆమె చెడ్డది కాదు, ఆమె పెంచినన్ని కోళ్లు మా వీధిలో ఎవరూ పెంచలేదు. కానీ ముఖం చూసి బతుకు తేల్చెయ్యడం నాకు నచ్చలేదు. నేను చూసేది ముఖం కాదు. సాయంత్రం చీకటి పడే ముందు దాని మెడ కింద తిండి సంచిని వేళ్లతో తడుముతాను. నిండుగా, మెత్తగా తగిలితే ఆ రోజు బాగా తిన్నట్టు. ఈరోజు నిండుగానే తగిలింది. వంటింటి కాటా మీద పెడితే 310 గ్రాములు. దీని జతవి 400 దగ్గర ఉన్నాయి. తక్కువే, కానీ పోయిన ఆదివారం కంటే పెరిగింది. గిన్నె చప్పుడు వింటే అన్నిటికంటే ముందు పరిగెత్తి వచ్చేది ఇదే. తినాలన్న ఆశ అంత ఉన్న ప్రాణాన్ని నేను వదులుకోను. ఏదో ఒక రోజు అది గిన్నె దగ్గరికి రావడం మానేస్తే అప్పుడు ఆలోచిస్తాను, దాన్ని బాధపెట్టి బతికించను.

కొక్కెర రోగానికి మొదటి వారంలో, మళ్లీ నాలుగో వారంలో కంట్లో లసోటా టీకా చుక్కలు వేయించాం. ఎనిమిదో వారంలో అదే రోగానికి ఆర్‌టుబి అనే టీకా సూది ఉంది. అది నీరసంగా ఉన్న కోళ్లకు వెయ్యరు, ఆరోగ్యంగా ఉంటేనే వేస్తారు. అంటే అంతలోపల దీనికి కండ పట్టాలి.

రాత్రి అన్నం తినేటప్పుడు మాయమ్మతో చిన్న వాదన. తలమీద తురాయి ఇంకా పాలిపోయే ఉంది కాబట్టి ఇది పెట్టే అయ్యుంటుందని ఆమె లెక్క. పెట్ట అయితే గుడ్లు తిందాం గానీ పొదగ వెయ్యొద్దు అన్నాను, ఈ వంకర తల్లిదండ్రుల నుంచి వచ్చిందైతే దీని పిల్లలకూ రావచ్చు. చాన్నాళ్లుగా ఒకే పుంజును ఉంచుకున్నాం, దాని పిల్లలే దానికి జత అవుతున్నాయి. కాబట్టి పుంజును కూడా మైదుకూరులో మా చిన్నాయన వాళ్ల పుంజుతో మార్చుకుందాం అన్నాను. పుంజు మాటకు ఒప్పుకుంది. "అయితే దీన్ని వేరే కోడి గుడ్ల మీద కూర్చోబెడదాం" అనింది. పొదుగుడు కోడి 21 రోజులు తిండి సరిగ్గా తినదు, ఇంత సన్నటి దానికి అది తగదు. నేను ఒప్పుకోలేదు, ఆమె కూడా తగ్గలేదు.

అదంతా తర్వాతి మాట. రేపటి నుంచి మధ్యాహ్నం ఒక పూట చెదలు పెట్టాలి. పాత కుండలో తడి గడ్డి, పేడ, గోనె ముక్క కుక్కి పుట్ట దగ్గర బోర్లిస్తే తెల్లారేసరికి చెదలు ఎక్కుతాయి. వాటిని లోతు గిన్నెలో దులిపితే ఇది తోడుకుని తింటుంది. ఒక్క కుండ చాలదని మా అక్క కొడుకు అటకమీది ఇంకో కుండ దించి, అప్పుడే కడిగి పెట్టాడు.