పాడైన జూనో-106 కొనాలా, వద్దా?: నా అనుభవం

"పని చేయడం లేదు, ఉన్నది ఉన్నట్టుగా అమ్మబడును" అని ప్రకటనలో ఉంది. దాన్నిబట్టి తేలేదేమీ లేదు. ఫ్యూజ్ కొట్టేసినా పని చేయదు, లోపల బోర్డు తుప్పుపట్టినా పని చేయదు. వస్తువేమో రోలాండ్ జూనో-106. 1984లో వచ్చిన అనలాగ్ సింథసైజర్, అంటే ఎలక్ట్రానిక్ సర్క్యూట్లతో శబ్దం పుట్టించే కీబోర్డు. 61 కీలు, ఒకేసారి ఆరు వాయిస్‌లు (ఒక్కో స్వరాన్ని పలికించే సర్క్యూట్లు) పలుకుతాయి. మంచి కండిషన్‌లో ఉన్నది కొనే స్తోమత నాకు లేదు. అందుకే దీని మీద కన్ను పడింది.

అమ్మే పెద్దాయన ఫోన్‌లో "ఒక్క చిప్ పోయింది బాబూ, అది వేయిస్తే కొత్తదే" అన్నారు. ఒక్క చిప్పే అయితే తనే వేయించి మంచి రేటుకు అమ్ముకునేవారు కదా! ఆ మాట పైకి అనలేదు. "వచ్చి గంటసేపు ఆన్‌లో ఉంచి చూడొచ్చాండీ?" అని మాత్రం అడిగాను. సరేనన్నారు.

గంట ఎందుకంటే, ఈ మోడల్లో తరచూ పోయేవి 80017ఏ అనే చిన్న మాడ్యూళ్లు. వాయిస్‌కొకటి చొప్పున ఆరుంటాయి. ఆ వాయిస్ శబ్దాన్ని మొద్దుగానో పదునుగానో మార్చే ఫిల్టరూ, వాల్యూమ్‌ను నడిపే సర్క్యూటూ అందులోనే. వాటికి రెసిన్ పూత ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పూత గుండానే కరెంటు లీకవడం మొదలవుతుంది. అప్పుడు వాయిస్ మూగబోవచ్చు, చిటపటలాడొచ్చు, కీ వదిలాక కూడా సన్నగా మోగుతూనే ఉండొచ్చు. కొన్ని చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిగా ఉండి, వేడెక్కాక అసలు రంగు చూపిస్తాయి.

చూడడానికి వెళ్లాను. 'కీ ట్రాన్స్‌పోజ్' అనే బటన్ నొక్కిపట్టి పవర్ ఆన్ చేస్తే టెస్ట్ మోడ్ వస్తుంది. కీ నొక్కిన ప్రతిసారీ ఏ వాయిస్ పలుకుతోందో డిస్‌ప్లేలో నంబర్ పడుతుంది. ఒకే కీని వరసగా నొక్కుతూ పోయాను. ఒకటి, రెండు బాగున్నాయి. మూడు దగ్గర నంబర్ పడింది గానీ శబ్దం లేదు. నాలుగు, ఐదు ఫర్వాలేదు. ఆరు పలికింది, కానీ వెనకాల నూనెలో పోపు వేసినట్టు చిటపట. కాసేపయ్యాక మళ్లీ మొదలుపెడితే ఐదో వాయిస్ కూడా కీ వదిలాక ఆగడం మానేసింది. "ఒక్క చిప్" కాస్తా మూడైంది.

మూడో వాయిస్ మీదే ఇంకాస్త సేపు కూర్చున్నాను. మామూలు మోడ్‌కు వచ్చి, ఆసిలేటర్ (మూల తరంగాన్ని పుట్టించే భాగం) శబ్దాలన్నీ తీసేసి, ఫిల్టర్‌ను మోగించే రెజొనెన్స్ స్లైడర్‌ను పైదాకా నెట్టాను. అలా చేస్తే ఫిల్టర్ తనంతట తానే ఈల వేయాలి. అదే కీని నొక్కుతూ ఉంటే మిగతావి వంతులవారీగా ఈల వేశాయి, మూడోది వేయలేదు. అంటే అనుమానం ఫిల్టర్ మాడ్యూల్ మీదికే వెళ్తుంది. తరంగాన్ని తయారుచేసే చిప్‌లు వేరే ఉన్నాయి, ఒక్కోటి రెండు వాయిస్‌లకు పనిచేస్తుంది. మూడుతో అదే చిప్‌ను పంచుకునే నాలుగు బాగానే పలుకుతోంది కాబట్టి ఆ చిప్ గురించి టెన్షన్ కొంత తగ్గింది.

పెద్దాయన ఒప్పుకుంటే మూత తెరిచి చూశాను. నా నిర్ణయం అక్కడే మారింది. దాచుకున్న సెట్టింగులు పోకుండా ఉంచే మెమరీ బ్యాటరీ చుట్టూ బోర్డు శుభ్రంగా ఉంది. అదే 1981 నాటి కోర్గ్ పాలీసిక్స్ సింథసైజర్ అయితే ముందు బ్యాటరీనే చూసేవాణ్ణి. అందులోది నికెల్ కాడ్మియం రకం, కారిందంటే బోర్డు మీది రాగి గీతల్నే తినేస్తుంది. మూగబోయిన వాయిస్ కంటే నాకు అదే ఎక్కువ భయం. ఇక్కడ ఆ బాధ లేదు, పాత టంకం మీద ఎవరూ చెయ్యి చేసుకున్న ఆనవాళ్లూ లేవు. సగం తెలిసినవాళ్లు రిపేరు చేసిన మెషీన్ కంటే ఎవరూ ముట్టని పాడైన మెషీనే నయం.

మాడ్యూళ్లను అసిటోన్‌లో నానబెట్టి పూత ఒలిచేస్తే చాలాసార్లు మళ్లీ పలుకుతాయి. చవక పద్ధతే, కానీ ఓపిక కావాలి. వాటికి బదులుగా కొత్తగా తయారుచేసి అమ్మేవీ దొరుకుతాయి. మూడింటిని మార్చి మూడింటిని వదిలేయడం నాకు నచ్చలేదు. అన్నీ ఒకే వయసువి, నేడో రేపో అవీ పోతాయి. కాబట్టి లెక్క ఆరింటికీ వేశాను. పనిచేసే జూనో ధరలోంచి ఆరు మాడ్యూళ్లు, టెక్నీషియన్ కూలి, మార్చాక ప్రతి వాయిస్‌కూ చేయాల్సిన ట్రిమ్మర్ సెట్టింగు (బోర్డు మీది చిన్న స్క్రూలు తిప్పి సరిచేయడం), స్లైడర్ల క్లీనింగు తీసేశాను. తెరిచాక ఇంకేం బయటపడుతుందో తెలియదు గనక పైన ఇంకొంత తగ్గించాను. శబ్దం ఒక్కటే కావాలంటే కంప్యూటర్లో దాన్ని అనుకరించే ప్లగిన్ సాఫ్ట్‌వేర్ చాలు, ఈ తలనొప్పంతా అక్కర్లేదు. నాకు చేతి కింద స్లైడర్లు కావాలి.

నేను చెప్పిన ధర విని ఆయన నవ్వారు. మూడు వాయిస్‌ల సంగతి కీ నొక్కి వినిపించాను. "ఇది నాకు తెలియదు" అన్నారు. నిజంగానే తెలియనట్టుంది. ఆ రోజు తేలలేదు. తర్వాత ఆయనే ఫోన్ చేసి, నా ధరకు కొంచెం కలపమన్నారు. కలిపాను.

ఇప్పుడది టెక్నీషియన్ దగ్గరుంది. కొత్త మాడ్యూళ్లను నేరుగా టంకం వేయకుండా సాకెట్లలో పెడతానన్నాడు. సాకెట్ల ఖర్చు నా లెక్కలో లేదు గానీ, వద్దనలేదు.