రెండు లైన్లు, ఒక డబ్బా

మధ్యాహ్నం మా నెట్ సెంటర్లో జెరాక్సుల గిరాకీ తగ్గినాక, రెండు నెట్ లైన్లకు ఏ రౌటర్ పెట్టాలన్న పంచాయితీ తేల్చేసినాం.

దీనికంతా కారణం, తిరుమల మూడొందల రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్లో వదిలిన ఆ పొద్దున. పది గంటలు దాటిందో లేదో నెట్ పోయింది. టికెట్ల కోసం వచ్చిన నెల్లూరాయన ఫోనుకు ఓటీపీ వచ్చి కూచుంది, మా సిస్టంలో పేజీ మాత్రం తెల్లగా తిరుగుతా ఉంది. ఆయన నన్ను ఏమీ అనలేదు. తిట్టుంటే బాగుండేది.

అందుకే రెండో లైను. తీసుకునేటప్పుడు నేనడిగింది ఒకటే: మీ వైరు ఏ స్తంభం మీద వస్తుంది? మొదటిది వచ్చే స్తంభమే అయితే వద్దు. తిరుపతి కొర్లగుంటలో జేసీబీ దిగిందంటే రెండూ ఒకే దెబ్బకు తెగుతాయి, ఇంక రెండు కంపెనీలకు డబ్బు కట్టి ఏం లాభం?

మా బామ్మర్దికి ఇంకో ఆశ. "బావా, వందా వందా కలిపితే రెండొందల ఎంబీపీఎస్ గదా!" కాదు. లోడ్ బ్యాలెన్సింగ్ పెడితే ఒక కనెక్షన్ ఈ లైన్లో, ఇంకోటి ఆ లైన్లో పోతాయి. పదిమంది కూచుంటే మేలే గానీ, ఒక్క ఫైలు డౌన్‌లోడ్ రెండింతలు కాదు. పైగా మధ్యలో ఐపీ (నెట్‌లో మన అడ్రసు) మారిందంటే కొన్ని బ్యాంకు సైట్లు లాగౌట్ చేసి పారేస్తాయి. మాకు కావాల్సింది ఫెయిలోవర్: ఒకటి నడవాల, అది పడితే ఇంకోటి లేవాల.

మైక్రోటిక్ హెక్స్ అనే రౌటర్ గట్టిదే, కాకపోతే దాని మెనూల్లో దిగితే నా జెరాక్సులు ఎవరు తీస్తారు? టీపీ-లింక్ ఈఆర్605 తెచ్చినాం. ఐదు పోర్టులు, అందులో ఒకటికి మించి బయటి లైన్లకు వాడుకోవచ్చు. వైఫై మాత్రం లేదు.

బామ్మర్ది రౌటర్ వెనక మొదటి లైను వైరు పీకి, "చూడు బావా, మారిపోయింది" అన్నాడు. అదేం పరీక్ష? మా లైను పోయే తీరు అట్లా ఉండదు. ఓఎన్‌టీ (బయటి ఫైబర్ వచ్చి చేరే కంపెనీ పెట్టె) బాగానే ఉంటుంది, రౌటర్ వైపు లైటూ వెలుగుతుంటుంది, ఆపైన ఎక్కడో తెగుంటుంది. అందుకని ఓఎన్‌టీలోంచి పచ్చ మూతి ఫైబర్ తీసి చూసినాను. రౌటర్ 8.8.8.8 అనే గూగుల్ సర్వర్‌కు పింగ్ పెట్టి (ఉన్నావా అని పలకరించి), జవాబు రాకపోయేసరికి కాసేపటికి రెండో లైనుకు మారింది. సగంలో ఉన్న పేజీ మాత్రం పోయింది, మళ్లీ లాగిన్ కావాల్సిందే. ఆ మాత్రం ఓర్చుకోవచ్చు.

రెండు ఓఎన్‌టీలనూ, రౌటర్‌నూ యూపీఎస్ మీదికి మార్చినాం. కరెంటు పోతే ఎన్ని లైన్లుండి ఏం ప్రయోజనం!

రేపు పాత రౌటర్‌ను వైఫైకి పెట్టాల. ముందు దాంట్లో డీహెచ్‌సీపీ (సిస్టంలకు ఐపీలు ఇచ్చే పని) ఆపాల, లేకుంటే రెండు రౌటర్లూ దేనికదే ఐపీలు పంచుతా కూచుంటాయి.