ముందు పిల్ల చెయ్యి చూడండి, తర్వాతే బ్రేకు

పిల్లల సైకిల్‌కి బ్రేకు పడటం లేదంటే మనం మొదట చూసేది రబ్బర్లనే. అవి బాగానే ఉన్నాయనుకుంటే వైరు కాస్త లాగి బిగిస్తాం. అయినా పిల్లలు చెప్పులు నేలకి రాసే ఆపుతుంటారు. మా అక్క కూతురు చిన్ని సంగతీ అంతే. ఏడేళ్ళ పిల్ల, ఇరవై అంగుళాల సైకిల్. షాపులో బిగించి పంపారు. నేను పట్టి చూస్తే చక్రం ఠక్కున ఆగుతోంది, తను పడితే ఆగడం లేదు. మేముండేది విశాఖలో పెదవాల్తేరు. వీధి దాటితే బీచ్ వైపు దిగే వాలు. అక్కడ చెప్పుతో ఆపే పని కాదు.

మా నాన్నకి విజయనగరంలో అద్దె సైకిళ్ళ కొట్టు ఉండేది. గంట లెక్కన ఇచ్చేవారు. వాటికి వైర్లు కావు, ఇనప కడ్డీల బ్రేకులు. పిల్లలెవరైనా వస్తే సీటెక్కించి, "ఏదీ, బ్రేకు పట్టు" అని వేళ్ళు ఎక్కడ పడుతున్నాయో చూసేవారు. అప్పుడే సైకిల్ ఇచ్చేవారు. నేనూ అక్కడి నుంచే మొదలుపెట్టాను.

చిన్నిని కూర్చోబెట్టి పట్టుకోమన్నాను. వేలి కొసలు మాత్రమే బ్రేకు లివర్‌కి తగులుతున్నాయి. కొసలతో లాగితే బలం ఎక్కడి నుంచి వస్తుంది? వేలి మొదటి కణుపు లివర్ మీద వంగి కూర్చోవాలి. అందుకోసమే లివర్‌లో, హ్యాండిల్‌ని పట్టుకునే చోటుకి దగ్గరగా, ఒక చిన్న స్క్రూ ఉంటుంది. చాలామంది దాని జోలికే వెళ్ళరు. దాన్ని లోపలికి తిప్పితే లివర్ గ్రిప్ దగ్గరికి జరుగుతుంది. చిన్నికి వేళ్ళు అందేదాకా తిప్పాను. ఇలా జరిపినప్పుడు వైరు కొంచెం లాగబడి రబ్బర్లు రిమ్ముకి రాసుకోవచ్చు. అప్పుడు వైరు ఆ మేరకు వదులు చేసుకోవాలి.

ఇంకొకటి. లివర్ కొసన పట్టి లాగితే తక్కువ బలం చాలు, మొదట్లో పట్టి లాగితే ఎక్కువ బలం కావాలి. దీని లివర్లు గ్రిప్‌కి మరీ ఆనించి బిగించి ఉన్నాయి, అందుకని చిన్న చెయ్యి లివర్ మొదట్లోనే పడుతోంది. బోల్టు వదులు చేసి లివర్లని ఒక వేలి వెడల్పు హ్యాండిల్ మధ్య వైపుకి జరిపాను. చూపుడు వేలూ మధ్య వేలూ సరిగ్గా కొస మీదికి వచ్చాయి. "మావయ్యా, మెత్తగా అయింది!" అంది. నిజానికి బ్రేకుని నేనింకా ముట్టుకోనేలేదు.

తర్వాత వైరు. దీనిది రిమ్ముకి అటూ ఇటూ రెండు చేతులు నిలబడి ఉండే రకం, వీ బ్రేకు అంటారు. ఆ రెండు చేతుల్నీ దగ్గరికి నొక్కితే, వంగిన చిన్న ఇనప గొట్టం దాని గాడిలోంచి బయటికి వచ్చేస్తుంది. అలా వైరుని విడదీసి లివర్ లాగి చూడాలి. బ్రేకు బరువేమీ లేదు కాబట్టి ఒక్క వేలితో ఆడాలి. ముందుది ఆడింది. వెనకది గట్టి నిమ్మకాయ పిండినట్టు ఉంది. వైరు బయటికి లాగితే తొడుగు వంపు తిరిగే చోట ఎర్రటి తుప్పు, రెండు పోగులు తెగి పైకి లేచి ఉన్నాయి. సముద్రపు గాలికి మా వైపు సైకిల్ వైర్లు చాలా త్వరగా ఇలా అవుతాయి. పోగు తెగిన వైరుకి నూనె వేసి లాభం లేదు, మార్చాల్సిందే. తొడుగు కూడా కొత్తదే వేశాను. కటింగ్ ప్లేయర్‌తో తొడుగు కోస్తే దాని నోరు నొక్కుకుపోతుంది. దాన్ని మేకుతో మళ్ళీ గుండ్రంగా తెరవాలి, లేదంటే కొత్త వైరు కూడా అక్కడే పట్టేస్తుంది. వైరు కొసకి చిన్న టోపీ వేసి నొక్కడం మర్చిపోకండి. ఆ పోగులు పిల్లల వేళ్ళకి సూదుల్లా గుచ్చుకుంటాయి.

తుప్పు లేని ముందు వైరుకి కుట్టు మిషన్ నూనె రెండు చుక్కలు చాలు. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె వద్దు. అది ఇరవై నాలుగు డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది, డిసెంబరు ఉదయాన బ్రేకు బిగుసుకుపోతుంది. ఏ నూనె అయినా రిమ్ముకీ రబ్బరుకీ అంటకూడదు.

రబ్బర్లు అరగలేదు గానీ పైన నున్నగా మెరుస్తున్నాయి. గరుకు కాగితంతో రుద్ది, ఇరుక్కున్న ఇసుక రేణువులు సూదితో తీశాను. ఒక రబ్బరు కొంచెం పైకి ఉండి టైరు పక్కని రాస్తోంది. ఇది చిన్న విషయం కాదు, అలా వదిలేస్తే టైరు కోసుకుపోతుంది. రబ్బరు మొత్తం రిమ్ము మీదే కూర్చోవాలి. కీచుమని మోత వస్తుంటే, రబ్బరు వెనక కొస కింద మందపాటి అట్టముక్క పెట్టి, బ్రేకు పట్టి ఉంచి బోల్టు బిగించండి. అప్పుడు ముందు కొస మొదట తగులుతుంది, మోత పోతుంది.

బ్రేకు చేతుల అడుగున ఉండే రెండు చిన్న స్క్రూలు స్ప్రింగ్‌వి. ఒక రబ్బరే రాసుకుంటుంటే ఆ పక్క స్క్రూ బిగిస్తే అది వెనక్కి జరుగుతుంది. నేను రెంటినీ కొంచెం వదులు చేశాను. పెద్దవాళ్ళ చేతికి ఈ తేడా తెలియదు, చిన్నికి తెలిసింది. ఆఖరి పరీక్ష ఒక్కటే: పిల్ల తన బలంకొద్దీ నొక్కినా లివర్ వచ్చి గ్రిప్‌కి తగలకూడదు.

ఇంతా చేశాక అక్క అంది, "ముందు చక్రం బ్రేకు వదులుగా ఉంచరా, గట్టిగా పడితే పల్టీ కొడుతుంది." చాలా ఇళ్ళలో, కొన్ని షాపుల్లో కూడా ఇదే మాట. నేను ఒప్పుకోను. బ్రేకు పట్టగానే బరువు ముందుకి వస్తుంది, సైకిల్‌ని ఎక్కువగా ఆపేది ముందు చక్రమే. వాలులో వెనక బ్రేకు ఒక్కటే పడితే చక్రం జారుతుంది. రెండూ కలిపి, మెల్లగా మొదలుపెట్టి గట్టిగా పట్టడం నేర్పాలి. పొద్దున్నే, బండ్లని రానివ్వని వేళకి బీచ్ రోడ్డుకి తీసుకెళ్ళి, సుద్దతో గీత గీసి, దాని మీద ఆపమన్నాను. సీటు మీద కాస్త వెనక్కి జరిగి, రెండు లివర్లూ పట్టి ఆపుతోంది. అక్కకి ఇంకా పూర్తిగా నమ్మకం కుదరలేదు.

మిగిలింది వాన. దీనివి మెరిసే క్రోమ్ రిమ్ములు, తడిస్తే బ్రేకు బాగా తగ్గిపోతుంది. రబ్బరు మార్చినంత మాత్రాన అది పూర్తిగా పోదు. అందుకని వాన పడుతుంటే వాలు వైపు వెళ్ళొద్దన్నాను. తడి రోడ్డు మీద ఎప్పుడైనా ఆపాల్సి వస్తే చాలా ముందు నుంచే లివర్లు లైట్‌గా పట్టి, రిమ్ము మీది నీళ్ళు తుడుచుకుపోయాక గట్టిగా పట్టమన్నాను.