"మీ పాస్‌పోర్టు ఏ దేశానిదండీ?" – పీజీ కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘానికి విరాళాలు, నా అనుభవం

మా పూర్వ విద్యార్థుల సంఘానికి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఇప్పుడే చేతికొచ్చింది. విసుగు ఇంకా చల్లారలేదు, అది చల్లారేలోపే రాసి పెడుతున్నాను. పీజీ కాలేజీలో పూర్వ విద్యార్థుల సంఘం, విరాళాల బాధ్యత నెత్తికెత్తుకున్నవాళ్లకి పనికొస్తుంది. "డబ్బులెవరిస్తారండీ?" అని అందరూ దిగులుపడతారు. ఇచ్చేవాళ్లకి కరువేం లేదు. ఎంసీఏ చేసి బయటికెళ్లినవాడు ఫోన్లో అయిదు నిమిషాల్లో ఒప్పుకుంటాడు. ఆ డబ్బు చట్టం ఒప్పుకునేలా సంఘం ఖాతాలో పడాలి, అక్కడే తలప్రాణం తోకకొస్తుంది.

సొసైటీ రిజిస్ట్రేషన్ తేలిక. 2001 నాటి సొసైటీల చట్టమే ఆంధ్రలోనూ తెలంగాణలోనూ నడుస్తోంది, ఏడుగురుంటే చాలు. మెమోరాండంలో రాసే ఆశయాల దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోండి. ఎవరో ఇచ్చిన పాత నమూనా కాపీ కొడితే మొదటి ఆశయమే "సభ్యుల సంక్షేమం" అని ఉంటుంది. దాన్ని పట్టుకుని ఆదాయపు పన్ను అధికారి "ఇది మీకోసం మీరు పెట్టుకున్న క్లబ్బు, ధార్మిక సంస్థ ఎలా అవుతుంది?" అని అడగవచ్చు. అడిగితే జవాబుండదు. స్కాలర్‌షిప్పులు, ల్యాబు, లైబ్రరీ, హాస్టలు, ఇలా ఆశయాలన్నీ విద్యార్థుల చుట్టూ తిరగాలి. సంఘం రద్దయితే మిగిలిన ఆస్తి ఇలాంటి ఆశయాలున్న మరో సంస్థకే పోవాలి, సభ్యులు పంచుకోకూడదు అనే క్లాజు తప్పనిసరిగా పెట్టండి.

12ఏ (సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (విరాళమిచ్చినవాళ్లకి పన్ను మినహాయింపు), ఈ రెంటికీ ఫారం 10ఏ ఆన్‌లైన్‌లో వేస్తే మూడేళ్ల తాత్కాలిక రిజిస్ట్రేషన్ పెద్దగా ప్రశ్నలు లేకుండానే వస్తుంది. అసలు పరీక్ష తర్వాత రెగ్యులర్ రిజిస్ట్రేషన్‌కి వేసే 10ఏబీ. తాత్కాలికం గడువు తీరడానికి ఆరు నెలల ముందు, లేదా కార్యక్రమాలు మొదలైన ఆరు నెలల్లో, ఈ రెండింట్లో ఏది ముందొస్తే ఆలోపు వేయాలి. మొదటి సగం అందరికీ గుర్తుంటుంది, రెండో సగం ఎవరికీ గుర్తుండదు. నేను చెబుతున్న సెక్షన్లు, ఫారం నంబర్లు 1961 చట్టం నాటివి. 2025లో వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కాబట్టి, వేసేముందు పోర్టల్లో కొత్త నంబరు చూసుకోండి.

ఇక పేర్ల జాబితా. కాలేజీ ఆఫీసులో అడ్మిషన్ రిజిస్టర్లు ఉంటాయి, అడిగితే "ప్రిన్సిపాల్ గారి పర్మిషన్ కావాలి" అంటారు. ప్రిన్సిపాల్ గారినడిగితే "ఆఫీసులో అడగండి" అంటారు. అదే కాలేజీలకి గ్రేడ్లిచ్చే న్యాక్ బృందం వస్తోందంటే చాలు, అయిదో క్రైటీరియన్‌లో పూర్వ విద్యార్థుల సంఘం గురించి రాయాలి కాబట్టి రిజిస్టర్లు వాటంతటవే మన బల్ల మీదికి వస్తాయి. కాబట్టి జాబితా పని న్యాక్ ఏడాదిలో పెట్టుకోండి. అయిదేళ్లకోసారి మాత్రమే మనం గుర్తొచ్చే కాలేజీలకి విరాళాలెందుకు తగ్గాయో వేరే చెప్పాలా?

రిజిస్టరు దొరికినా ఒక పేరుకి ఒక మనిషి అనుకోవద్దు. కె. శ్రీనివాసరావులు ఒక్క బ్యాచ్‌లోనే ఇద్దరు ముగ్గురుంటారు. ఆడవాళ్లలో చాలామందికి పెళ్లయ్యాక ఇంటిపేరు మారి ఉంటుంది, పాత ఇంటిపేరుతో ఎంత వెతికినా దొరకరు. జాబితాలో తండ్రి పేరు, హాల్‌టికెట్ నంబరు, డిగ్రీ చదివిన కాలేజీ, ఈ మూడూ కాలమ్స్‌గా పెట్టుకోండి. వెతకడం ఆడవాళ్లతోనే మొదలుపెట్టండి. ఒకావిడ దొరికితే హాస్టల్లో ఆవిడ రూమ్మేట్లందరి నంబర్లూ దొరుకుతాయి. మగవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో గుడ్‌మార్నింగులు తప్ప ఏం దొరకవు.

బ్యాచ్ ప్రతినిధి చేత డబ్బు వసూలు చేయించకండి. అతను నలభై మంది దగ్గర ఫోన్‌పేలో తీసుకుని నాలుగు లక్షలు ఒకేసారి సంఘం ఖాతాలో వేస్తాడు. లెక్క ప్రకారం దాత ఒక్కడే అయ్యాడు. మార్చి దాటాక ఆ నలభై మందీ "మా 80జీ సర్టిఫికెట్ ఏదీ?" అని అడుగుతారు. సర్టిఫికెట్ అంటే మనం కంప్యూటర్లో కొట్టి సంతకం పెట్టే రసీదు కాదిప్పుడు. ప్రతి దాత వివరాలతో ఫారం 10బీడీ మే 31లోపు వేస్తే, పోర్టలే 10బీఈ ఇస్తుంది. ఆలస్యమైతే రోజుకి 200 రూపాయల ఫీజు. ఎవరి ఖాతా నుంచి వాళ్లే వేయాలి, నేరేషన్‌లో బ్యాచ్ సంవత్సరం రాయాలి, పాన్ అదేరోజు వాట్సాప్‌లో పంపాలి. నగదు రెండు వేలు దాటితే దాతకి మినహాయింపు రాదు. సమ్మేళనంలో హుండీ పెడదామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. పేరు లేని విరాళాలు లక్ష రూపాయలు, లేదా మొత్తం విరాళాల్లో 5 శాతం, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే అది దాటాక, ఆ పైదానిమీద 30 శాతం పన్ను. హుండీ గుడికి వదిలేయండి. ఇంకొకటి, కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగికి 80జీ మినహాయింపే లేదు. "ట్యాక్స్ కలిసొస్తుంది సార్" అంటూ అడగడం మొదలుపెడితే అవతలివాడు నవ్వుతాడు.

ఇక అసలు సంగతి.

మన పీజీ కాలేజీల నుంచి పెద్ద మొత్తం ఇచ్చేది ఎవరు? 1990ల్లో ఎంసీఏ, ఎంటెక్, ఎమ్మెస్సీ చేసి అమెరికా వెళ్లినవాళ్లు. వాళ్లలో చాలామంది గ్రీన్‌కార్డు దాటి పౌరసత్వం తీసేసుకున్నారు. భారత పాస్‌పోర్టున్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. డాలర్లలో పంపినా కాదు. అమెరికా పాస్‌పోర్టున్నవాడు ఇస్తే విదేశీ విరాళమే. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా అంతే, గుంటూరులో ఇల్లున్నా అంతే. చట్టం చూసేది కరెన్సీని కాదు, పాస్‌పోర్టుని. ఓసీఐ మనిషి ఇక్కడి ఎన్ఆర్ఓ ఖాతా (ప్రవాసులు మన బ్యాంకుల్లో పెట్టుకునే రూపాయల ఖాతా) నుంచి రూపాయల్లో వేస్తాడు, మన పాస్‌బుక్‌లో అది మామూలు దేశీ జమలాగే కనపడుతుంది. ఎఫ్‌సీఆర్ఏ లేని సంఘానికి అది ఉల్లంఘనే. ఆధార్ చూసి సరిపెట్టుకుందామా అంటే అదీ కుదరదు. ఆధార్ నివాసానికి సంబంధించింది, ఇక్కడ తగినన్ని రోజులున్న ఓసీఐలకీ ఇస్తారు.

కాబట్టి డబ్బు అడిగే ముందు "అన్నా, మీ పాస్‌పోర్టు ఏ దేశానిది?" అని అడగాలి. నాకు తల కొట్టేసినట్టయింది ఈ ఫోన్ల దగ్గరే. ముప్ఫై ఏళ్ల తర్వాత కాలేజీ గుర్తొచ్చి, వాళ్లమ్మగారి పేరు మీద అయిదు లక్షలిస్తానన్న మనిషిని పట్టుకుని పౌరసత్వం అడగడమంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. "అంటే ఏమిటి, నేను ఫారినర్నా? తెనాలిలో పుట్టినవాణ్ణి" అంటారు. కొంతమంది నొచ్చుకుని ఫోన్ పెట్టేస్తారు. ఇంకొంతమంది సాయం చేద్దామనే ఉద్దేశంతోనే "సరేలే, మా బావమరిది ఖాతాలో వేస్తా, వాడు ఇస్తాడు" అంటారు. ఇది మరీ ప్రమాదం. విదేశీ మూలం నుంచి వచ్చిన డబ్బు మధ్యలో ఎన్ని చేతులు మారినా విదేశీ విరాళమేనని చట్టంలో స్పష్టంగా ఉంది. బావమరిది కూడా ఇరుక్కుంటాడు.

ఈ అవమానం తగ్గాలంటే ప్రశ్న మన నోటితో అడగకూడదు, ఫారం అడగాలి. విరాళం ఫారంలో పేరు, బ్యాచ్ తర్వాత మూడో గడి పౌరసత్వం పెట్టండి. భారత్ అని రాసినవాళ్ల దగ్గర పాస్‌పోర్టు మొదటి పేజీ కాపీ, "ఇది నా సొంత సంపాదన" అన్న ఒక్క లైను డిక్లరేషన్ తీసుకుని ఫైల్లో పెట్టండి. వేరే దేశం రాస్తే ఖాతా నంబరే కనపడకూడదు. ఖాతా నంబరు గ్రూపుల్లో పెట్టేసి తర్వాత పౌరసత్వం ఆరా తీసే సంఘాలు కోరి కొరివితో తల గోక్కుంటున్నట్టే.

ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్‌కి సంఘం పుట్టి మూడేళ్లయి ఉండాలి, ఆ మూడేళ్లలో అసలు కార్యక్రమాల మీద కనీసం 15 లక్షలు ఖర్చయి ఉండాలి. ఆఫీసు ఖర్చులు లెక్కలోకి రావు. సమ్మేళనం భోజనాలు, శాలువాలు, మెమెంటోలు ఇందులో చూపించవచ్చని మా ఆడిటర్ ధీమాగా చెప్పాడు, ఆయన మాట వినుంటే అంతే సంగతులు. ఏడాదికి నాలుగు లక్షల స్కాలర్‌షిప్పులిస్తే మూడేళ్లకి పన్నెండే అవుతుంది. మొదటి ఏడాది నుంచే ఏడాదికి అయిదు లక్షలకి తగ్గకుండా స్కాలర్‌షిప్పులు, ల్యాబు పరికరాల మీద ఖర్చుపెట్టి, ఆడిట్ రిపోర్టులో వాటిని విడి హెడ్డింగుల కింద చూపించాలి. "ఇతర ఖర్చులు" అని ఒకే లైన్లో కలిపేసిన ఆడిట్ రిపోర్టు ఎందుకూ పనికిరాదు.

ఖాతా విషయం. 2020 సవరణ తర్వాత విదేశీ విరాళం మొదట పడాల్సింది ఎస్‌బీఐ న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఎఫ్‌సీఆర్ఏ ఖాతాలోనే. దరఖాస్తులో ఆ ఖాతా నంబరు ఇవ్వాలి, అంటే ఖాతా ముందు, దరఖాస్తు తర్వాత. ఇందుకోసం ఢిల్లీ రైలెక్కమన్నదీ మా ఆడిటరే. అవసరం లేదు, మన ఊళ్లో ఎస్‌బీఐ బ్రాంచి ద్వారానే కాగితాలు పంపించవచ్చు.

అన్నిటికన్నా నన్ను ఏడిపించింది చుక్క. సొసైటీ సర్టిఫికెట్ మీద "పి.జి. కాలేజ్ ఓల్డ్ స్టూడెంట్స్ అసోసియేషన్", పీ తర్వాత చుక్క, జీ తర్వాత చుక్క. పాన్ మీద "పీజీ", చుక్కల్లేవు. స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే నీతి ఆయోగ్ పోర్టల్ దర్పణ్‌లో ఎవరో ఉత్సాహవంతుడు "పోస్ట్ గ్రాడ్యుయేట్" అని విడమరిచి కొట్టాడు. స్థానిక బ్యాంకు ఖాతాలో చోటు చాలక చివరి మాట సగంలో తెగిపోయింది. మనిషికి ఇవన్నీ ఒకటే సంఘం, కంప్యూటరుకి నాలుగు. దర్పణ్ ఐడీ పాన్‌తో సరిపోలాలి, పాన్ 80జీ ఆర్డరుతో సరిపోలాలి, ఢిల్లీ ఖాతా పేరు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌తో సరిపోలాలి. ఒక్కదాన్ని సరిచేస్తే ఇంకోటి తప్పవుతుంది. సొసైటీ సర్టిఫికెట్‌నే మూలంగా పట్టుకోండి, దాన్ని ముట్టుకోవద్దు. దాని పేరు మార్చాలంటే జనరల్ బాడీ, తీర్మానం, రిజిస్ట్రారు, మళ్లీ మొదటికొస్తుంది. ముందు పాన్‌ని దానికి సరిపోయేలా దిద్దించండి, ఆ తర్వాత దర్పణ్, ఆదాయపు పన్ను పోర్టల్ ప్రొఫైల్, చివరికి బ్యాంకు. ఈ వరస మారిస్తే రెట్టింపు పని. ఇంకా సంఘమే పెట్టనివాళ్లయితే పేరులో చుక్కలు, పొట్టి అక్షరాలు, బ్రాకెట్లు లేకుండా చూసుకోండి.

కార్యవర్గం సంగతీ ముందే చూసుకోవాలి. ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ దరఖాస్తు ఫారం ఎఫ్‌సీ–3ఏలో ముఖ్య బాధ్యుల్లో ప్రతి ఒక్కరి ఆధార్, ఒక్కొక్కరి అఫిడవిట్ కావాలి. విదేశీ పౌరుడైతే పాస్‌పోర్టు కాపీ లేదా ఓసీఐ కార్డు. గౌరవంగా ఉంటుందని అమెరికా పెద్దమనిషిని కోశాధికారిగా పెట్టుకుంటే ఆ కాగితాల కోసం ఆయన నిద్రలేచేదాకా కాచుక్కూర్చోవాలి. పెద్దవాళ్లకి సలహామండలి చాలు, కార్యవర్గం ఊళ్లో ఉండేవాళ్లదే. దరఖాస్తు సాధారణంగా 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది. మధ్యలో వచ్చే ప్రశ్నలు ఈమెయిల్‌కి, పోర్టల్‌కి వస్తాయి, కాబట్టి దరఖాస్తులో కాలేజీ మెయిల్ ఇవ్వకండి. అది ఎవరూ తెరవరు.

మూడేళ్లు నిండని సంఘాలకి రెండు దారులు. ఒక దాత, ఒక పని, ఒక మొత్తం ఖాయమైతే ఎఫ్‌సీ–3బీ ఫారంతో ఆ ఒక్క విరాళానికి ముందస్తు అనుమతి. దానికి దాత నుంచి హామీ పత్రం, ప్రాజెక్టు రిపోర్టు కావాలి. రెండోది అమెరికాలో ఉన్నవాళ్లు అక్కడే 501(సి)(3) సంస్థ, అంటే అక్కడి చట్టం కింద పన్ను మినహాయింపున్న ధార్మిక సంస్థ, పెట్టుకోవడం. ఏడాదికి 50 వేల డాలర్ల లోపు వసూళ్లు, రెండున్నర లక్షల డాలర్ల లోపు ఆస్తి అనుకుంటే చిన్న ఫారం 1023–ఈజీ చాలు, ఫీజు 275 డాలర్లు. వాళ్లకి పన్ను మినహాయింపు వస్తుంది, పనిచేసే కంపెనీ నుంచి మ్యాచింగూ (ఉద్యోగి ఇచ్చినదానికి కంపెనీ తనవంతు జత చేయడం) వస్తుంది. మన 80జీ వాళ్లకి ఎందుకూ కొరగాదు. అయితే ఆ సంస్థ మన ఖాతాకి పంపినా అది విదేశీ విరాళమే, ఎఫ్‌సీఆర్ఏ వచ్చేదాకా అక్కడే దాచుకోవాలి. ఇక్కడి అధ్యక్షుడే అక్కడి డైరెక్టరైతే ముందస్తు అనుమతి దగ్గర చిక్కొస్తుంది.

డబ్బొచ్చాక ఏం చేయాలో చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, ఒక్క లెక్క మాత్రం చెబుతాను. పది లక్షలు మూలధనంగా ఇచ్చి "ఏటా ముగ్గురికి ఫీజు కట్టండి" అంటారు. 6.5 శాతం వడ్డీకి వచ్చేది 65 వేలు. ఒక్కో ఫీజు 30 వేలనుకుంటే ఇద్దరికే సరి. ఒప్పందంలో తలల సంఖ్య రాయకండి, "వచ్చిన వడ్డీ మేరకు" అని రాయించుకోండి. మూలధనం అని దాత రాతపూర్వకంగా ఇవ్వాలి, నోటిమాట చెల్లదు. శిలాఫలకానికి అందరూ ముందుకొస్తారు, హాస్టల్ బాత్రూముల మరమ్మతుకి ఎవరూ రారు. అందుకే ప్రతి గది విరాళంలో పదో వంతు నిర్వహణకి అని ఫారంలోనే అచ్చేయించాను. ఇంతవరకూ ఒక్కరూ కాదనలేదు, ఈ ఒక్క విషయంలో గొప్ప చెప్పుకుంటాను.

ఎఫ్‌సీఆర్ఏ వచ్చాక ఎఫ్‌సీ–4 రిటర్ను ఏటా డిసెంబర్ 31లోపు వేయాలి, ఆ ఏడాది విదేశాల నుంచి పైసా రాకపోయినా సరే. ఆ ఖాతాలో దేశీ డబ్బు ఒక్క రూపాయి కూడా కలపకూడదు. అందులోంచి ఇంకో సంఘానికి బదిలీ చేయకూడదు. పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు. రిజిస్ట్రేషన్ గడువు అయిదేళ్లు, రెన్యువల్ తారీఖు కార్యదర్శి ఫోన్లో కాకుండా మినిట్స్ బుక్కు మొదటి పేజీలో రాసి పెట్టండి, కార్యదర్శులు మారుతుంటారు.