సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు

బండి 1998 మోడల్ కారు. మూడు సిలిండర్లు, కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం), కామ్‌షాఫ్టు తిప్పితే పనిచేసే మెకానికల్ పెట్రోల్ పంపు. రెండేళ్ల క్రితం తెనాలిలో ఒక రిటైర్డు ఉద్యోగి దగ్గర కొన్నాను. పోయిన శనివారం మంగళగిరిలో పెట్రోల్ పోయించుకుని తాళం తిప్పితే సెల్ఫ్ (ఇంజన్‌ను తిప్పి స్టార్ట్ చేసే మోటారు) గిర్రున తిరిగింది, ఇంజన్ మాత్రం అందుకోలేదు. బంకు కుర్రాళ్లు తోశారు. రెండో గేరులో క్లచ్ వదలగానే అందుకుంది. గుంటూరు దాకా హాయిగా వచ్చింది. ఇంటి ముందు ఆపి మళ్లీ తిప్పితే మళ్లీ అదే వరస.

శనివారం రాత్రి

ముందు బ్యాటరీ చూశాను. ఊరికే ఉన్నప్పుడు 12.5 ఓల్టులు, సెల్ఫ్ కొడుతున్నప్పుడు 10.4. కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడకపోతే బ్యాటరీని అనుమానించక్కర్లేదు. ఇక మిగిలినవి పెట్రోలు, స్పార్కు.

ఒక ప్లగ్గు విప్పి, వైరుకు తగిలించి, ఇంజన్ ఇనుముకు ఆనించాను. మా అమ్మాయి సీట్లో కూర్చుని తాళం తిప్పింది. నీలంగా ఒక మెరుపు కనపడింది. స్పార్కు ఉందని రాసుకుని పెట్రోలు వైపు మళ్లాను. నేను చేసిన తప్పు ఇదే. దీనివల్ల ఒక రోజంతా పోయింది.

ఆదివారం

కార్బురేటర్‌కు వెళ్లే గొట్టం తీసి సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టించాను. పెట్రోల్ చిమ్ముతూ పడింది, అంటే పంపు బాగుంది. (ఈ పని చేసేటప్పుడు కాయిల్ పాజిటివ్ వైరు పీకేయండి, ప్లగ్గులకు స్పార్కు ఇచ్చేది ఆ కాయిలే. పెట్రోల్ ఆవిరి, నిప్పురవ్వ ఒకచోట ఉండకూడదు.) గొట్టాలు మాత్రం గట్టిపడి పగుళ్లిచ్చాయి. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరుకు పడదు, అందుకని ఫిల్టరుతో పాటు అవీ మార్చేశాను. తాళం ఆన్ చేయగానే కార్బురేటర్ మీది సోలినాయిడ్ (కరెంటు అందితే పెట్రోల్ దారి తెరిచే మీట) టక్కుమంది. అదీ బాగానే ఉంది. అయినా బండి అందుకోలేదు.

సాయంత్రం మూడు ప్లగ్గులూ విప్పితే మూడూ పెట్రోల్‌తో తడిసి ఉన్నాయి. ఇక్కడ ఆగి ఆలోచించాను. సిలిండర్లలోకి పెట్రోల్ వస్తోంది, కానీ మండడం లేదు. మరి నిన్న నేను చూసిన స్పార్కు ఏమిటి?

సోమవారం రాత్రి

వీధి దీపాలు తప్ప వెలుగు లేని వేళ చూసి మళ్లీ అదే పరీక్ష చేశాను. ఈసారి ప్లగ్గు మీద నుంచి కళ్లు తిప్పలేదు. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ చీకటి. ఆగబోతుండగా ఒక్క మెరుపు. "నాన్నా, నేను తాళం వదిలేటప్పుడే వస్తోంది. ఇంజన్ కూడా అప్పుడే ఉలిక్కిపడుతోంది" అంది అమ్మాయి. తోస్తే ఎందుకు అందుకుంటోందో దాంతో తెలిసిపోయింది. తోసేటప్పుడు తాళం ఆన్ దగ్గరే ఉంటుంది, స్టార్ట్ దాకా వెళ్లదు.

కాయిల్ పాజిటివ్ దగ్గర మీటర్ పెట్టాను. ఆన్‌లో 12.3. స్టార్ట్‌లోకి తిప్పగానే సున్నా. వదలగానే మళ్లీ 12. తాళం వెనక్కి వచ్చే క్షణంలో ఇంజన్ ఇంకా ఊపు మీద తిరుగుతూ ఉంటుంది, కాయిల్‌కు అప్పుడే కరెంటు అందుతుంది, అందుకే ఆ ఒక్క మెరుపు.

నిర్ధారించుకోవడానికి బ్యాటరీ పాజిటివ్ నుంచి కాయిల్ పాజిటివ్‌కు 15 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న వైరు వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి సెల్ఫ్ కొట్టించాను. మొదటి తిప్పుకే అందుకుంది! ఈ వైరు ఉన్నంతసేపూ తాళం తీసినా ఇంజన్ ఆగదు, వైరే పీకాలి. ఇంజన్ తిరగకుండా అలా వదిలేస్తే కాయిల్ వేడెక్కి పాడవుతుంది.

బ్యాలాస్ట్ రెసిస్టర్ (ఇంజన్ నడిచేటప్పుడు కాయిల్‌కు వెళ్లే కరెంటును తగ్గించే భాగం) ఉన్న బండ్లలో లక్షణం తలకిందులుగా ఉంటుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు అందుకుని, తాళం వదలగానే ఆగిపోతే ఆ రెసిస్టర్ కాలిపోయిందేమో చూడాలి. నా బండికి అది లేదు.

గురువారం

బ్యాటరీ నెగెటివ్ తీసి, స్టీరింగ్ కింది తొడుగు విప్పాను. తాళం దూరే భాగం వేరు, దాని వెనక కరెంటు స్విచ్చు వేరు. చిన్న స్క్రూ ఒకటి తీస్తే స్విచ్చు ఊడి వస్తుంది, కాబట్టి పాత తాళంచెవులే పనికొస్తాయి. మీటర్‌ను ఓమ్‌లలో పెట్టి చూస్తే, బ్యాటరీ వైరుకూ కాయిల్ వైరుకూ మధ్య ఆన్‌లో 0.4, స్టార్ట్‌లో అసలు కలవడమే లేదు. స్విచ్చును ఊడదీసి చూస్తే ఆ రెండింటినీ కలిపే రాగి రేకు నల్లగా మాడి, కింది ప్లాస్టిక్ కరిగి పల్లం పడి ఉంది. పాత యజమాని బిగించిన పెద్ద హారన్, స్టీరియో రెండింటి వైర్లూ ఈ స్విచ్చు కాయిల్ వైరుకే చుట్టి ఉన్నాయి. అంత బరువు మోసే రేకు కాదది.

విజయవాడ ఆటోనగర్‌లో కొత్త స్విచ్చు 450 రూపాయలకు దొరికింది. పాతది చేత్తో పట్టుకెళ్లడం మంచిదైంది, చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు రకాల్లో పిన్నుల వరస వేరు. బిగించాక సెల్ఫ్ కొడుతుండగా కాయిల్ దగ్గర 10.1 ఓల్టులు వచ్చింది. ఆరిన ప్లగ్గులతో బండి వెంటనే అందుకుంది.

హారన్, స్టీరియో వైర్లు కత్తిరించి టేపు చుట్టి ఉంచాను. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చు), ఫ్యూజు పెట్టి నేరుగా బ్యాటరీ నుంచి లాగాలి. అది వచ్చే ఆదివారం పని.