పిలిచే మెట్టు

రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కి ఫాస్ట్ రైలు వద్దనుకుని, పొలాలు చూస్తూ వెళ్లొచ్చని మామూలు రైలే ఎక్కాను. మధ్యాహ్నం ఎదురు సీట్లో పెద్దావిడ రొట్టె పొట్లం విప్పి, తినబోతూ నా వైపు చూసి "వ్వోలె ఫావోరీరె?" అంది. మీరూ తీసుకుంటారా అని. పక్కన మనిషి ఉండగా ఒక్కరే తినడం బాగుండదని అలా అడుగుతారు. థాంక్స్ చెప్పి, మీరు కానివ్వండి అనడం అక్కడి మర్యాదట. ఆ సంగతి తర్వాత తెలిసింది. నేను చేయి చాచాను. ఆవిడ సంతోషంగా సగం తుంచి పెట్టింది.

ఇలా పిలవడాన్ని మీ భాషలో ఏమంటారని అడిగితే "ఇన్వీతో" అంది. మనం పెళ్లికార్డుని ఇన్విటేషన్ అంటామే, ఆ మాటకి తోబుట్టువు. రెండిటికీ మూలం లాటిన్ "ఇన్వీతారే". దానికి పిలవడమే కాదు, తిండి పెట్టి ఆదరించడం అనే అర్థమూ ఉంది. మన "ఆహ్వానం"లో ఉన్న ధాతువుకి అర్థం పిలవడమే. లాటిన్ మాటలో విస్తరి వేసి వడ్డించడం దాకా ఉంది! సగం రొట్టె చేతిలో ఉండగా తెలిసింది కాబట్టేమో, నాకది మనసుకి పట్టింది.

మర్నాడు సాన్ లోరెంజో చర్చిని ఆనుకుని ఉన్న లౌరెన్సియానా లైబ్రరీకి వెళ్లాను. ముందు గదిలోనే మైకెలాంజెలో మెట్లు. ఆయన 1534లో ఫ్లోరెన్స్ వదిలి రోమ్ వెళ్లిపోయాడు. చాలా ఏళ్ల తర్వాత మట్టి నమూనా చేసి పంపితే, 1559లో అమ్మన్నాతి అనే శిల్పి బూడిదరంగు రాతితో కట్టించాడు. పైన గుమ్మం దగ్గర ఇరుకుగా బయల్దేరి, కిందికొచ్చేసరికి గండి పడ్డ నీళ్లలా పరుచుకుంటాయి. అడుగున మూడు మెట్లయితే మిగతావాటికన్నా వెడల్పుగా, కోలగా, మన కాళ్ల దాకా వస్తాయి.

అంతసేపు చూస్తున్నానని అక్కడి ఉద్యోగి ఒకాయన దగ్గరికొచ్చాడు. మామూలు ఇళ్లలో కూడా మిగతావాటికన్నా ముందుకు వచ్చే మొదటి మెట్టుని "గ్రదీనో దిన్వీతో" అంటారని చెప్పాడు. పిలుపు మెట్టు. కత్తిసాములోనూ ఈ మాట ఉందట. ఎదుటివాడు ముందుకు రావాలని, కత్తి పక్కకి జరిపి ఒంటిని కావాలనే తెరిచి నిలబడితే అది ఇన్వీతో.

పైన చదువుకునే గది మూసే వేళవుతోందని ఆయన గుర్తు చేసేదాకా నేను ఆ మొదటి మెట్టు దగ్గరే ఉన్నాను.